కిల్ -9 కొట్టినా చావని లిబ్రే ఆఫీస్: పర్లాకిమిడి డీటీపీ షాపు కేసు

పర్లాకిమిడిలో ఒక డీటీపీ షాపు. పెళ్లికార్డులు, గృహప్రవేశం కార్డులు, ఫ్లెక్సీ డిజైన్లు, జిరాక్స్, మధ్యమధ్యలో ఆన్‌లైన్ దరఖాస్తులు. 1936లో ఊరు ఒడిశా రాష్ట్రంలో కలిసింది గానీ ఇక్కడ అచ్చయ్యే కార్డు ఇప్పటికీ ఒక పక్క తెలుగు, ఒక పక్క ఒడియా. పాతపట్నం నుంచి, కాశీనగరం నుంచి కూడా జనం కార్డులకు ఇక్కడికే వస్తారు. డిజైన్ పనికి ఒకే సిస్టమ్: సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్, 4 జీబీ ర్యామ్, తిరిగే రకం 500 జీబీ హార్డ్ డిస్క్, లైనక్స్ మింట్ 21 ఎక్స్‌ఎఫ్‌సీఈ. కస్టమర్ల పెన్‌డ్రైవ్‌లతో వచ్చే వైరస్‌ల బాధ పడలేక విండోస్ వదిలి మింట్‌కి మారారు. పాత డిజైన్లన్నీ ఒక యూఎస్‌బీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లో ఉంటాయి.

ఫిర్యాదు ఒక్క మాటలో: హ్యాంగ్ అయిపోతోంది. లిబ్రే ఆఫీస్‌లో కార్డు టైప్ చేస్తూ ఉంటారు, పాత డిజైన్ కోసం ఫైల్ తెరవబోతారు, విండో అలాగే బిగుసుకుపోతుంది. మౌస్ కదులుతుంది, పక్క విండోలు పనిచేస్తాయి, దీని మూల ఉన్న క్రాస్ గుర్తు నొక్కితే మాత్రం ఉలుకూ పలుకూ ఉండదు. "పవర్ బటన్ గట్టిగా నొక్కి పట్టుకుంటే ఆగిపోద్ది సార్, మళ్లీ ఆన్ చేసుకుంటాం" అంది ఆపరేటర్ అమ్మాయి, అదే వైద్యం అన్నట్టు. ఓనరు మాస్టారిది ఇంకో సిద్ధాంతం: "ఒడియా ఫాంట్లు ఎక్కించిన కాడ్నుంచే ఈ గోల బాబూ. దీనికన్నా ఆ విండోసే నయం."

ఫాంట్ల మీద అనుమానం రావడం సహజమే. లిబ్రే ఆఫీస్ లెక్కలో తెలుగు, ఒడియా రెండూ ఒకే గుంపు లిపులు, రెంటికీ కలిపి ఒకే ఫాంట్ సెట్టింగ్. అందుకని ఒడియా పేరాలకు వేరే స్టైల్ పెట్టకపోతే అక్షరాల రూపం చెడిపోతుంది. అది చిరాకే గానీ హ్యాంగ్ కాదు. పైగా ఆపరేటర్‌ని గుచ్చి అడిగితే ఇంకో సంగతి బయటపడింది. ఫోటోల పనికి వాడే గింప్‌లో ఫైల్ తెరిచేటప్పుడు కూడా అప్పుడప్పుడు ఇలాగే బిగుసుకుపోతుందట. గింప్‌కి ఒడియా ఫాంటుతో పని లేదు కాబట్టి ఆ దారి అక్కడితో మూసేశాను.

పవర్ బటన్ సంగతి ముందు చెప్పుకోవాలి, నష్టమంతా అక్కడే జరిగింది. ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌కి జర్నల్ (రాయబోయే మార్పుల చిట్టా) ఉంటుంది కదా, ఏమీ కాదులే అనుకునేవాళ్లు చాలామంది. జర్నల్ కాపాడేది డిస్క్ మీది నిర్మాణాన్ని. సేవ్ చేయని మీ కార్డుని కాదు. లిబ్రే ఆఫీస్ తనంతట తాను రికవరీ కాపీ రాసుకునేది 10 నిమిషాలకోసారి. పెళ్లివాళ్లు ఎదురుగా కూర్చుని పేర్లు సరిచేయిస్తుంటే ఆ పది నిమిషాల్లో సగం కార్డు మారిపోతుంది. అదీ కాక ఒక విండో బిగుసుకుంటే మొత్తం మెషీన్ని ఆపడం వల్ల, ఆ సమయంలో లోపలి డిస్క్ మీద జరుగుతున్న రాత కూడా మధ్యలో తెగుతుంది.

నేను కూర్చున్న కాసేపటికే సిస్టమ్ బిగుసుకుంది. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే నల్లటి టెక్స్ట్ స్క్రీన్ వచ్చింది. మింట్‌లో మళ్లీ బొమ్మల స్క్రీన్‌కి రావాలంటే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్7. ఈ రెండు కాంబినేషన్లు తెలిస్తే చాలు, పవర్ బటన్ అవసరం సగం తగ్గిపోతుంది. ఆపరేటర్‌కి మాత్రం ఆ స్క్రీన్ చూడగానే టెన్షన్ వచ్చింది, ఉన్నదంతా పోయిందనుకుంది. ఏమీ పోలేదమ్మా, ఎఫ్7 నొక్కితే నీ కార్డు అక్కడే ఉంటుందని ఒకసారి చూపించాక గానీ కుదుటపడలేదు.

లాగిన్ అయ్యి, నడుస్తున్న ప్రోగ్రాముల పట్టిక చూపే టాప్ కమాండ్ నడిపితే లోడ్ యావరేజ్ 5 దాటి ఉంది. సీపీయూ మాత్రం దాదాపు ఖాళీ, డిస్క్ కోసం ఎదురుచూపు ఎంతో చెప్పే "డబ్ల్యూఏ" అంకె ఒక్కటే ఎక్కువ. చేసే పనేమీ లేకుండా లోడ్ పెరగడమేమిటని కంగారు పడక్కర్లేదు. లైనక్స్ లోడ్ లెక్కలో నడుస్తున్న ప్రోగ్రాములతో పాటు డిస్క్ కోసం కదలకుండా ఎదురుచూసేవి కూడా కలుస్తాయి. సీపీయూ ఖాళీ, లోడ్ ఎక్కువ, డబ్ల్యూఏ ఎక్కువ: ఈ మూడూ ఒకచోట కనిపిస్తే నా చెయ్యి ప్రోగ్రాముల్ని బలవంతంగా ఆపే కిల్ కమాండ్ మీదికి పోదు, డిస్కుల మీదికి పోతుంది.

తర్వాత, ప్రాసెస్‌లను (నడుస్తున్న ప్రోగ్రాములను) చూపే పీఎస్ కమాండ్‌ని పీఐడీ, స్టాట్, కామ్ (నంబరు, స్థితి, పేరు) అనే మూడు కాలమ్‌లు అడిగాను. స్టాట్ కాలమ్‌లో మొదటి అక్షరమే ఈ కేసంతా. ఆర్ అంటే ప్రోగ్రామ్ నడుస్తోంది, లేదా నడవడానికి సిద్ధంగా ఉంది. ఎస్ అంటే ఏదో ఒకటి వస్తుందని నిద్రలో ఉంది, లేపితే లేస్తుంది. టి అంటే ఎవరో ఆపి పెట్టారు. జెడ్ అంటే అది ఇప్పటికే చచ్చింది, దాని లెక్క తల్లి ప్రాసెస్ ఇంకా చూసుకోలేదు. దాన్ని చంపడమనే ప్రశ్నే లేదు, తల్లిని ముగిస్తే అదీ పోతుంది. ఇక డి. సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కర్నెల్ లోపల, సాధారణంగా డిస్క్ నుంచో నెట్‌వర్క్ నుంచో జవాబు కోసం, మధ్యలో లేపడానికి వీల్లేని నిద్ర. ఆ రోజు స్క్రీన్ మీద సాఫిస్.బిన్ (లిబ్రే ఆఫీస్ ప్రాసెస్ పేరు ఇదే) ఎదురుగా డి, ఫైల్ మేనేజర్ థునార్ ఎదురుగా డి, థంబ్‌నెయిల్ బొమ్మలు తయారుచేసే టంబ్లర్‌డి ఎదురుగా డి. మూడూ ఒకే గుమ్మం దగ్గర నిలబడ్డాయన్నమాట.

కారణం ఏమిటో అప్పటికే తేలిపోయింది గానీ, ఆపరేటర్‌కి కళ్లారా చూపించాలని సాఫిస్.బిన్‌కి మామూలు కిల్ పంపాను. ఏ ఆప్షనూ ఇవ్వకపోతే కిల్ పంపేది 15వ నంబర్ సిగ్నల్, సిగ్‌టర్మ్. ఇది ఒక విన్నపం. ప్రోగ్రామ్ వినచ్చు, సర్దుకుని పోవచ్చు, వినకుండా ఊరుకోవచ్చు. కదల్లేదు. కిల్ -9 పంపాను. 9 అంటే సిగ్‌కిల్. దాన్ని ప్రోగ్రామ్ పట్టుకోలేదు, అడ్డుకోలేదు, పట్టించుకోకుండా ఉండలేదు. అలాంటి వెసులుబాటు లేని సిగ్నల్స్ రెండే, ఇదీ సిగ్‌స్టాపూ. అయినా పీఎస్‌లో సాఫిస్.బిన్ అలాగే ఉంది. "ఇది కూడా చావలేదేటి సార్!" అంది ఆ అమ్మాయి.

కిల్ -9 పనిచేయకపోలేదు. సిగ్నల్ ఆ ప్రాసెస్ పేరున నమోదై ఉంది, అందడమే ఆగింది. డి స్థితిలో ఉన్న ప్రాసెస్‌కి పంపిన సిగ్నల్ గోదావరి మధ్యలో పడవ మీదున్న మనిషికి ఇంటికొచ్చిన టెలిగ్రామ్ లాంటిది, ఒడ్డు చేరాకే చేతికి అందుతుంది. డిస్క్ నుంచి జవాబు రావాలి, డేటా అయినా సరే, ఎర్రర్ అయినా సరే. అది వచ్చిన మరుక్షణం ప్రాసెస్ కర్నెల్ నుంచి బయటికి వస్తుంది, వాకిట్లోనే సిగ్‌కిల్ అందుకుంటుంది. 2008లో వచ్చిన 2.6.25 కర్నెల్‌తో ఈ గట్టి నిద్రకు కిల్‌తో చంపడానికి వీలైన మరో రకం చేరింది గానీ, అన్ని దారుల్లోనూ అది లేదు. కాబట్టి కిల్ -9 పదిసార్లు కొట్టినా, పేరు చెప్పి చంపే పీకిల్‌తో కొట్టినా, కిల్ఆల్‌తో కొట్టినా తేడా ఏమీ ఉండదు. సుడో పెట్టి, అంటే అడ్మిన్ హక్కులతో కొట్టినా అంతే. ఇక్కడ అడ్డం పడ్డది హక్కులు కాదు.

జవాబు ఇవ్వాల్సిన డిస్క్ ఏదో తెలియాలి. డీమెసేజ్ అనే కమాండ్‌తో కర్నెల్ మాటలు చూస్తే యూఎస్‌బీ పరికరాన్ని రీసెట్ చేస్తున్నట్టు ఒకే లైను మళ్లీ మళ్లీ ఉంది. దాని కింద, టంబ్లర్‌డి 120 సెకన్లకు పైగా ఆగిపోయి ఉందన్న హెచ్చరిక. అదే ఎక్స్‌టర్నల్ డిస్క్.

దాని మీద రాత ఏదీ జరగడం లేదని, చదవడమే జరుగుతోందని రూఢి చేసుకున్నాక యూఎస్‌బీ వైరు పీకేశాను. పరికరమే లేకుండా పోయింది కాబట్టి పెండింగ్‌లో ఉన్న అభ్యర్థనలన్నిటికీ కర్నెల్ ఎర్రర్ ఇచ్చేసింది. ఎంటర్ కొట్టి మళ్లీ పీఎస్ చూస్తే సాఫిస్.బిన్ లేదు. ఇందాకటి కిల్ -9 అప్పుడు అందింది. థునార్‌కి నేను ఏ సిగ్నలూ పంపలేదు కాబట్టి అది చావలేదు, ఫోల్డర్ తెరవలేకపోయానని మెసేజ్ చూపించి మామూలుగా పనిచేసుకుంటోంది. రాత జరుగుతున్న డిస్క్‌ని ఇలా పీకకూడదు. పీకక తప్పకపోతే, తిరిగి మౌంట్ చేసేముందు (వాడకానికి తెరిచేముందు) డిస్క్ నిర్మాణాన్ని సరిచూసే ఎఫ్ఎస్‌సీకే నడపాలి. మేమూ నడిపాకే డిస్క్‌ని మళ్లీ మౌంట్ చేశాం.

లిబ్రే ఆఫీస్ మళ్లీ తెరిస్తే రికవరీ అడిగింది, కార్డు చాలావరకు వచ్చింది. అసలు ఫైల్ తెరవబోతే మాత్రం "వేరొకరు వాడుతున్నారు" అన్న ధోరణిలో ఇంకో హెచ్చరిక. -9తో చచ్చినవాటి దగ్గర ఇది మామూలు. డాక్యుమెంట్ ఉన్న ఫోల్డర్లోనే చుక్క, టిల్డాతో మొదలయ్యే లాక్ ఫైల్ ఒకటి దాగి ఉంటుంది. తుడిచే అవకాశం లేకుండా ప్రోగ్రామ్ పోయింది కాబట్టి అది మిగిలిపోయింది. ఆ డాక్యుమెంట్ ఇంకెక్కడా తెరిచి లేదని తెలిస్తే లాక్ ఫైల్ తీసేయచ్చు. 15తో పోయే ప్రోగ్రామ్‌ని 9తో కొట్టొద్దనేది ఇందుకే.

ఇక వైరు. ఈ ఎక్స్‌టర్నల్ డిస్క్‌కి వేరే అడాప్టర్ లేదు, కరెంటు కూడా యూఎస్‌బీ నుంచే తీసుకుంటుంది. యూఎస్‌బీ 2.0 పోర్ట్ హామీ ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 అయితే 900. సీపీయూ బాక్స్ టేబుల్ కింద, డిస్క్ టేబుల్ మీద. మధ్యలో ఫ్రంట్ ప్యానెల్ పోర్ట్‌కి తగిలించిన సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు. డిస్క్ కాసేపు నిద్రపోయి మళ్లీ తిరగడం మొదలుపెట్టేటప్పుడే కరెంటు ఎక్కువ లాగుతుంది. ఫైల్ తెరవబోయినప్పుడే హ్యాంగ్ అవడానికి ఇది సరిగ్గా సరిపోయే కారణం. అయినా డిస్క్ కూడా పోయిందేమో చూడాలి కాబట్టి స్మార్ట్ రీడింగ్ (డిస్క్ తన ఆరోగ్యం మీద తానే ఉంచుకునే లెక్క) తీశాను. రీఅలకేటెడ్ సెక్టర్లు (పాడై బదులు చోటుకి మార్చినవి) సున్నా, పెండింగ్ సెక్టర్లు (చదవలేక అనుమానంలో పెట్టినవి) సున్నా. అదే పట్టికలో సీఆర్‌సీ ఎర్రర్ కౌంట్ (దారిలో డేటా చెడి అందిన సార్లు) అని ఒకటి ఉంటుంది. అది సున్నా ఉంది కాబట్టి వైరు బాగుందని తీర్మానించేస్తారు కొందరు. ఆ కౌంట్ లెక్కపెట్టేది డబ్బా లోపల డిస్క్‌కి, దాన్ని యూఎస్‌బీకి కలిపే బ్రిడ్జ్ బోర్డుకి మధ్య ఉన్న లింకుని, బయటి యూఎస్‌బీ వైరుని కాదు. ఎక్స్‌టెన్షన్ తీసేసి, పొట్టి వైరుతో మదర్‌బోర్డు వెనకవైపు పోర్ట్‌కి నేరుగా పెట్టాను. పాత డిజైన్ల ఫోల్డర్ మొత్తం కాపీ చేస్తూ డీమెసేజ్ చూస్తూ కూర్చుంటే రీసెట్ లైను ఒక్కటీ రాలేదు. ఎక్స్‌టెన్షన్ మళ్లీ పెట్టి అదే కాపీ చేస్తే వచ్చేసింది. ఆ వైరు చెత్తబుట్టలో పడింది.

అసలు జబ్బు అదే గానీ, షాపులో "హ్యాంగ్" అనే మాట కింద ఇంకో రెండు మూడు వేర్వేరు సంగతులు దూరి ఉన్నాయి. అన్నిటికీ ఒకే మందు వేశారు కాబట్టి అన్నీ ఒకే జబ్బులా కనిపించాయి.

గింప్‌లో ఫ్లెక్సీ ఎగుమతి ఒకటి. 10 అడుగుల పొడవు, 6 అడుగుల ఎత్తు బ్యానర్‌ని 300 డీపీఐలో పెట్టారు. అంటే 36,000 ఇంటూ 21,600 పిక్సెల్స్. పిక్సెల్‌కి నాలుగు బైట్లు వేసుకుంటే ఒక్క లేయరే దాదాపు 3 జీబీ. ఉన్న ర్యామ్ 4 జీబీ. మిగతాదంతా తిరిగే డిస్క్ మీద ర్యామ్ బదులు వాడే స్వాప్‌లోకి పోతుంది, మెషీన్ నత్తనడక నడుస్తుంది. పీఎస్‌లో చూస్తే గింప్ ఒకసారి ఆర్, ఒకసారి డి, కాసేపటికి మళ్లీ ఆర్. అక్షరం మారుతూ ఉందంటే పని జరుగుతోందని అర్థం, దాన్ని చంపితే అప్పటిదాకా చేసిందంతా బూడిదలో పోసినట్టే. ఫ్లెక్సీని జనం రోడ్డు అవతల నుంచి చూస్తారు, దానికి 300 అక్కర్లేదు. 72 పెడితే 8,640 ఇంటూ 5,184, లేయర్‌కి 180 ఎంబీ లోపు. ఇందులో బలవంతంగా మూసేయడానికి పనేమీ లేదు, పనికి తగ్గ సైజు పెట్టుకుంటే చాలు.

ఇంకోటి మరీ చిన్నది. లిబ్రే ఆఫీస్ ఎస్ స్థితిలో హాయిగా ఉంది, సీపీయూ సున్నా, డిస్క్ శాంతంగా ఉంది, అయినా విండో నొక్కితే స్పందించదు. ఆల్ట్, ట్యాబ్ నొక్కి చూస్తే "ఫార్మాట్ మార్చి సేవ్ చేయాలా" అని అడిగే చిన్న డబ్బా వేరే విండో వెనక దాక్కుని ఉంది. దానికి జవాబు చెప్పేదాకా పెద్ద విండో కదలదు. ప్రింటర్ జామ్ అయినప్పుడు లిబ్రే ఆఫీస్‌ని చంపడం కూడా ఈ కోవలోదే. ఒకసారి పంపాక ప్రింట్ జాబ్, ప్రింటింగ్ చూసుకునే కప్స్ అనే సర్వీస్ చేతిలో ఉంటుంది, ప్రోగ్రామ్ చచ్చినా క్యూలో అది అలాగే ఉంటుంది. క్యాన్సిల్ కమాండ్‌కి -ఎ ఇచ్చి క్యూ ఖాళీ చేయాలి.

ఎక్స్‌కిల్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆపరేటర్‌కి ఎవరో అది నేర్పారు. టెర్మినల్లో ఎక్స్‌కిల్ అని కొట్టి, బిగుసుకున్న విండో మీద క్లిక్ చేస్తే అది మాయమైపోతుంది. వాడటానికి తేలిక, వద్దనుకుంటే కుడి బటన్ నొక్కి రద్దు చేసుకోవచ్చు. కానీ అది ప్రాసెస్‌కి సిగ్నల్ పంపదు, తెర మీద విండోలు చూపించే ఎక్స్ సర్వర్‌తో దాని కనెక్షన్‌ని తెంచుతుంది. లిబ్రే ఆఫీస్‌లో మూడు కార్డులు మూడు విండోల్లో తెరిచి ఉన్నా లోపల ప్రాసెస్ ఒకటే, కనెక్షన్ ఒకటే. ఒక కార్డు మీద క్లిక్ చేస్తే ముగ్గురు కస్టమర్ల కార్డులూ ఒకేసారి పోతాయి. ఈ షాపులో పోయాయి కూడా. పైగా ఇది ఆ ఎక్స్ సర్వర్ది, అంటే ఎక్స్11 పద్ధతి, దాని తర్వాత వచ్చిన వేలాండ్ సెషన్‌లో వేలాండ్ విండోల మీద పనిచేయదు. మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎక్స్11 మీదే నడుస్తోంది కాబట్టి ఇక్కడ ఆ చిక్కు లేదు. అయినా నా సలహా, ఎక్స్‌కిల్ బ్రౌజర్‌కో ఫోటో వ్యూయర్‌కో వాడుకోండి, డాక్యుమెంట్ల జోలికి తేవద్దు.

బ్రౌజర్‌కి అసలు అంత కూడా అక్కర్లేదు. ఫైర్‌ఫాక్స్ అడ్రస్ పట్టీలో అబౌట్ అని కొట్టి, కోలన్ పెట్టి, ప్రాసెసెస్ అని టైప్ చేస్తే ఏ ట్యాబ్ ఎంత మింగుతోందో కనిపిస్తుంది, ఆ ఒక్కదాన్నే మూసేయచ్చు. క్రోమ్‌లో షిఫ్ట్, ఎస్కేప్. టాప్‌లో "ఐసొలేటెడ్ వెబ్ కో" అని తెగిన పేరు చూసి వైరస్సేమో అని మాస్టారు భయపడ్డారు. లైనక్స్ ప్రాసెస్ పేరు 15 అక్షరాల దగ్గర కోసేస్తుంది, అది ఫైర్‌ఫాక్స్ ట్యాబే. పీకిల్ కూడా ఆ 15 అక్షరాలతోనే పోల్చుకుంటుంది, పొడుగు పేరు ఇస్తే దొరకదు. -ఎఫ్ ఇస్తే మొత్తం కమాండ్ లైనుతో పోల్చుతుంది. అప్పుడు అనుకోనివి కూడా తగులుతాయి, కాబట్టి ముందు అదే మాటతో పీగ్రెప్ కొట్టి ఏవేవి దొరుకుతున్నాయో చూసుకోవాలి.

మెమరీ నిండిపోయి ఎఫ్3 స్క్రీన్ కూడా రానప్పుడు ఏం చేయాలన్నది మిగిలింది. ఎర్లీఊమ్ అనే చిన్న సర్వీస్ పెట్టాను. ఖాళీ మెమరీ, ఖాళీ స్వాప్ రెండూ 10 శాతం కిందికి పడితే అది బరువైన ప్రాసెస్‌కి సిగ్‌టర్మ్ పంపుతుంది, 5 శాతం కిందికి పడితే సిగ్‌కిల్. ముందు బ్రౌజర్ని చూడమని, సాఫిస్.బిన్ జోలికి వీలైనంతవరకు పోవద్దని చెప్పే వీలు దానిలో ఉంది, అలాగే రాశాను. అదీ చాలకపోతే ఆల్ట్, ప్రింట్ స్క్రీన్ పట్టుకుని ఎఫ్ నొక్కితే, మెమరీ ఎక్కువ తింటున్నదాన్ని కర్నెల్ స్వయంగా ఎంచి చంపుతుంది. పుస్తకాల్లో చదివి ఇది ప్రయత్నించి పనిచేయలేదనేవాళ్లు ఎక్కువ. ఉబుంటు, దాని మీద కట్టిన మింట్ ఈ అత్యవసర మీటల్లో ఏవి పనిచేయాలో చెప్పే సిస్‌ఆర్‌క్యూ విలువని 176 దగ్గర పెడతాయి. అంటే సింక్, రీమౌంట్, రీబూట్ మాత్రమే అనుమతి. ప్రాసెస్‌ల మీద చెయ్యి వేసే 64, కీబోర్డుకి 4 కలిపి 244 చేస్తే ఎఫ్ కూడా పనిచేస్తుంది. కీబోర్డు ముందుకు ఎవరైనా రాగలిగే చోట ఇది తెరవకూడదు, స్క్రీన్ లాకర్ని కూడా దీంతో చంపేయచ్చు. ఇక్కడ కౌంటర్ వెనక ఆపరేటర్, మాస్టారు తప్ప ఎవరూ కూర్చోరు కాబట్టి తెరిచాను. ఇక ఏదీ లేదనుకున్నప్పుడు అదే ఆల్ట్, ప్రింట్ స్క్రీన్‌తో ఎస్, యు, బి వరసగా, మధ్యలో కాస్త ఆగుతూ: డిస్క్‌లకు రాసేయ్, చదవడానికి మాత్రమే పెట్టు, రీబూట్ చెయ్. పవర్ బటన్ నొక్కి పట్టుకోవడం కంటే ఇది వంద రెట్లు మర్యాద.

లిబ్రే ఆఫీస్ రికవరీ సమయాన్ని 10 నుంచి 3 నిమిషాలకు తగ్గించాను. మానిటర్ పక్కన అంటించిన కాగితం మీద ఆపరేటర్ తన చేతిరాతతో రాసుకున్నది: "ఆల్ట్ ట్యాబ్ చూడు. ఎఫ్3కి పో. అక్షరం చూడు. ఆర్ అయితే ఆగు. ఎస్ అయితే 15, వినకపోతే 9. డి అయితే వైరు చూడు, సార్‌కి ఫోన్ చెయ్." నేనైతే ఇంత బాగా రాసేవాణ్ని కాదు.

తేలనిది ఒకటుంది. లోపలి 500 జీబీ డిస్క్ స్మార్ట్ రీడింగ్‌లో పెండింగ్ సెక్టర్లు కనిపించాయి. రాస్తుండగా కరెంటు తెగితే కూడా అలాంటివి ఏర్పడతాయి, మళ్లీ అక్కడ రాసినప్పుడు పోతాయి. నిజంగా డిస్క్ అరుగుతున్నా ఇలాగే మొదలవుతాయి. మాస్టారితో చెప్పాను, ఆ అంకె పెరిగితే తిరగని రకం డిస్క్, ఎస్ఎస్‌డీ తప్పదని. "ముహూర్తాలు అయిపోనీ బాబూ, అప్పుడు చూద్దాం" అన్నారు. ఈలోగా రోజూ షాపు మూసేముందు కార్డుల ఫోల్డర్ మొత్తం ఎక్స్‌టర్నల్ డిస్క్‌కి కాపీ అయ్యేలా ఆర్‌సింక్ పెట్టాను, వెనక పోర్ట్ నుంచి ఆ డిస్క్‌ని కదపొద్దని చెప్పి వచ్చాను.